పాత బేస్ గిటారు: వన్నె, వెల

పాట విని ఇంటికి మరలిన శ్రోతకు గాయకుని కంఠం జ్ఞాపకముంటుంది. నడుమ వయొలిన్ పలికిన పలుకు జ్ఞాపకముంటుంది. అడుగున నిలిచి ఆ రెంటినీ మోసిన మంద్రస్వరం మాత్రం జ్ఞాపకముండదు. ఇల్లు చూడవచ్చినవారు గోడల నునుపును, ద్వారబంధాల నగిషీని మెచ్చుకొంటారు గాని పునాదిని ఎవరు మెచ్చుకొంటారు? పాశ్చాత్య వాద్యబృందాలలో ఈ పునాది వేసే పని బేస్ గిటారుది. మన సినిమా పాటలలో కూడా కొన్ని దశాబ్దాలుగా ఈ వాద్యం వినవస్తూనే ఉన్నది. తబలా దెబ్బకు కొంచెం క్రిందుగా, చెవికంటె ముందు గుండెకు తగిలే ఆ గంభీరనాదం దానిదే. పేరు తెలియకపోయినా ఆ ధ్వని ఎరుగని తెలుగు శ్రోత ఉండడు.

ఇంత అణకువ గల వాద్యానికి, అందులోను ఏబది అరువదియేండ్లు నిండి, రంగు వెలిసి, అంచులరిగిన పాత వాద్యానికి నేడు అమెరికాలోను ఐరోపాలోను కలిగిన గిరాకీ ఆశ్చర్యం గొలుపుతుంది. 1960 ప్రాంతాన తయారై, ఏ మార్పూ లేక మిగిలిన ఫెండర్ బేస్ గిటారు నేడు పదివేల డాలర్లకు మించి పలుకుతున్నది. చేయి తిరిగిన వాద్యకారుడు సైతం వంక పెట్టలేని కొత్త వాద్యం అందులో పదవవంతుకు దొరుకుతుంది. మిగిలిన తొమ్మిది వంతులూ దేనికి ఇస్తున్నారు? నాదానికా, కొయ్యకా, వయస్సుకా, లేక ఎవరో మహావాద్యకారుని చేతిలోని వాద్యానికి ఇది తోబుట్టువన్న మురిపెంతోనా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకాలంటే ఆ వస్తువు ఏ అవసరానికి పుట్టినదో మొదట తెలుసుకోవాలి.

పూర్వం మంద్రస్వరానికి ఉన్న వాద్యం డబుల్ బేస్. వయొలిన్‌కు పెద్దతాత వంటిది. నిలువెత్తు మనిషిని మించి ఆరడుగులుంటుంది. దానిని కౌగిలించుకొన్నట్లు పట్టుకొని, నిలుచుండి వాయించాలి. ఊరూరా తిరిగి నృత్యశాలలలో వాయించుకొని బ్రతికే బృందాలకు దీనిని మోయడం ఒక శిక్ష. ఇంతచేసి చేరవేసినా, బాకాలు, డ్రమ్ములు మ్రోగనారంభించగానే దాని నాదం అందులో మునిగిపోయేది. పైగా వీణకు వలె దాని దండిపైన మెట్లు లేవు. స్వరస్థానం తప్పకుండా నిలవడం కేవలం వేలికీ చెవికీ గల సాధన మీదనే ఆధారపడి ఉండేది.

ఈ కష్టాన్ని తీర్చడానికి 1930లలోనే సియాటిల్ నగరంలో పాల్ టట్మార్క్ అనే వాద్యకారుడు ఒక చిన్న విద్యుత్ బేస్‌ను తయారుచేసినాడు. దానికి మెట్లున్నవి, గిటారు వలె అడ్డంగా పట్టుకొని వాయించవచ్చును. కాలం కలిసిరాక అది మరుగున పడిపోయినది. పేరు పొందినది లియో ఫెండర్. చిత్రమేమంటే ఈయనకు గిటారు వాయించడం రాదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో 1938లో రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టుకొన్న మనిషి. దుకాణానికి వచ్చే వాద్యకారుల ఫిర్యాదులు ఓపికగా వినడం, విన్నదానికి మరమ్మతు ఆలోచించడం ఆయన విద్య. 1951 చివర ఆయన విడుదల చేసిన వాద్యానికి ప్రిసిషన్ బేస్ అని పేరు పెట్టినారు. ప్రిసిషన్ అనగా కచ్చితత్వం. మెట్టు మీద వేలు ఆనిస్తే స్వరం తప్పదని ఆ పేరులోని హామీ. నాలుగు తీగలు, బిరడల దాపునుండి గుర్రం వరకు వాటి నిడివి 34 అంగుళాలు, గిటారు అడుగు నాలుగు తీగల స్వరాలే, ఒక స్థాయి క్రింద.

ఈ వాద్యం నిర్మాణంలో ఒక విషయం బాగా గుర్తుంచుకోవాలి. దానిమీదనే తక్కిన కథంతా నడుస్తుంది. బొబ్బిలి ప్రాంతపు వీణల పనివారు పనసమానును తొలిచి కుండనూ దండినీ ఒకే మ్రానుగా చేసే వీణను ఏకాండి వీణ అంటారు. వారి దృష్టిలో వాద్యం ఒకే శరీరం; ఒక అవయవం తీసి మరొకటి పెట్టేది కాదు. ఫెండర్ దృష్టి ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఆయన బేస్ గిటారుకు కడుపు బోలుగా ఉండదు. అది గట్టి చెక్కదిమ్మ. మేపుల్ కొయ్యతో చేసిన దండిని ఆ దిమ్మకు జిగురుతో అతకక నాలుగు మరమేకులతో బిగించినాడు. దండి వంగినదా, విప్పి మరొకటి బిగించుకో. తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్ చెడినదా, రెండు తీగలు ఊడదీసి కొత్తది అతుకు. మెట్లరిగినవా, లాగివేసి కొత్తవి కొట్టు. వాద్యం పాడైతే కచేరీ ఆగిపోరాదన్నదే ఆయన పట్టుదల. శిల్పం చెక్కుతున్నానని ఆయన ఎన్నడూ అనుకొని ఉండడు. కమ్మరి కొడవలి చేసినట్లు పనిముట్టు చేసినాడు.

పనిముట్టు పనివారికి నచ్చినది. లయొనెల్ హాంప్టన్ గారి జాజ్ బృందం 1950ల తొలినాళ్లలోనే దీనిని చేపట్టినది. ఆ బృందంలోని మంక్ మాంట్గొమెరీ దీనికి గౌరవం తెచ్చిన తొలి వాద్యకారులలో ఒకడు. 1957లో ఫెండర్ పికప్‌ను రెండు ముక్కలుగా విడదీసి, ఒకదాని రొదను మరొకటి రద్దుచేసేటట్లు అమర్చినాడు. 1960లో సన్నని దండితో, రెండు పికప్‌లతో జాజ్ బేస్ అనే రెండవ నమూనా వచ్చినది. 1965 జనవరిలో ఫెండర్ తన కంపెనీని సీబీఎస్ అనే ప్రసార సంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మివేసినాడు. పాత వాద్యాల బేరగాళ్ల పంచాంగంలో ఇది యుగసంధి. అమ్మకానికి ముందుది కృతయుగం, తరువాతది కలి. ఈ మాటలో కొంత నిజమున్నది. ఉత్పత్తి పెరిగినకొద్దీ కూర్పులో శ్రద్ధ తగ్గినది. పలుచని లక్క పూతకు బదులు దళసరి ప్లాస్టిక్ పూత వచ్చినది. 1970లలో తయారైన వాటిలో పది పౌన్ల బరువు దాటినవి తరచు కనబడతవి. 1982లో ఆ కంపెనీయే తన 1957, 1962 నాటి నమూనాలను మరల యథాతథంగా చేసి అమ్మనారంభించినది. పాతవి మేలని తయారుచేసినవారే ఒప్పుకొన్నట్లయినది గదా!

అయితే ఆ మేలు ఎక్కడ ఉన్నది?

పాత వాద్యాన్ని చేతిలోకి తీసుకొన్నవారు మొదట చెప్పేది నాదాన్ని గురించి కాదు, దండిని గురించి. అరువదియేండ్లుగా ఎందరి అరచేతులో రాసుకొని దాని అంచులు గుండ్రబారి ఉంటవి. పూత అరిగిపోయి కొయ్య నునుపుదేరి ఉంటుంది. ఎన్నో వానకాలాలు, ఎన్నో ఎండలు చూచి వంగవలసినంత వంగి కుదుటపడి ఉంటుంది. పూర్వం వాడిన నైట్రోసెల్యులోజ్ పూత పలుచనిది. చలికి, వేడికి వెంట్రుకవాసి పగుళ్లు విచ్చి, పాత పింగాణీ పళ్లెం మీది గీతల వలె కనబడుతుంది. ఇదంతా కంటికీ చేతికీ సంబంధించిన సుఖం. దీనిని తేలికగా కొట్టివేయరాదు. చేతికి సుఖమైతే మనిషి ఎక్కువసేపు వాయిస్తాడు. ఎక్కువసేపు వాయించినవాడు బాగా వాయిస్తాడు.

నాదం మాటకు వస్తే పికప్‌ను తలచుకోవాలి. ఇది అయస్కాంతపు కడ్డీల చుట్టూ వేలకొలది చుట్లు చుట్టిన రాగితీగ. ఆ తీగ మందం మిల్లీమీటరులో పదహారవవంతు, తలవెంట్రుకతో పోల్చదగినది. తిరిగే యంత్రం మీద ఈ తీగను వేళ్ల నడుమ పట్టుకొని, బిగి తప్పకుండా నడిపించే పని ఆ రోజులలో చేతితోనే జరిగేది. ఫెండర్ కర్మాగారంలో 1956లో చేరిన అబిగైల్ యబారా అనే ఉద్యోగిని ఈ పనిలో పేరుపొందినది. ఆమె చుట్టిన పికప్‌లను తరువాతి తరాలవారు ప్రత్యేకంగా కోరి తీసుకొన్నారు. చేతిపని గనుక ఒక్కొక్క పికప్‌కు ఒక్కొక్క చుట్ల లెక్క, ఒక్కొక్క బిగి. కాబట్టి ఒకే సంవత్సరంలో, ఒకే బల్లమీద తయారైన రెండు వాద్యాలు ఒకే తీరుగా పలకవు. కొన్ని అద్భుతంగా పలుకుతవి. కొన్ని సామాన్యంగా పలుకుతవి. పాతవన్నీ మంచివని చెప్పేవారు ఈ రెండవ సగాన్ని దాటవేస్తారు. నిజానికి సామాన్యంగా పలికినవాటిలో ఎన్నో విడిభాగాల క్రింద ఊడదీయబడి, లేదా అటకలెక్కి మరుగైపోయి ఉంటవి. మంచివి వాయించబడుతూ మనవరకు వచ్చినవి. మిగిలినవాటిని చూచి ఆ కాలమంతా బంగారమనుకోవడం, భాండాగారంలో మిగిలిన పది కావ్యాలను చూచి ఆనాటి కవులందరూ మహాకవులే అనుకోవడం వంటిది.

కొయ్య ఎండినకొద్దీ నాదం పండుతుందన్న నమ్మకం ఒకటి ఉన్నది. వీణ, వయొలిన్ వంటి బోలు వాద్యాలలో కొయ్యే పలుకుతుంది గనుక అక్కడ ఈ మాటను చర్చించవచ్చును. గట్టి దిమ్మ గల విద్యుద్వాద్యంలో పలికేది ముఖ్యంగా తీగ, దాని కంపనాన్ని పట్టే పికప్, తీగను మీటే వేలు. కొయ్య పాత్ర స్వల్పం. వయొలిన్ విషయంలోనైనా పాతదనపు మహిమ పరీక్షకు నిలవలేదు. 2010లో అమెరికాలోని ఇండియనాపొలిస్ నగరంలో క్లాడియా ఫ్రిట్జ్ అనే శాస్త్రజ్ఞురాలు, జోసెఫ్ కర్టిన్ అనే వయొలిన్ నిర్మాత కలిసి ఒక పరీక్ష జరిపినారు. 21 మంది వాద్యకారులకు కన్నుకు కనబడకుండా నల్ల అద్దాలు తొడిగి, మూడు కొత్త వయొలిన్లను, స్ట్రాడివారి, గ్వార్నేరి కుటుంబాలవారు చేసిన మూడు పాత వయొలిన్లను చేతికిచ్చినారు. ఏది పాతదో ఏది కొత్తదో చెప్పడంలో వారు తడబడినారు; అందరికంటె తక్కువమంది మెచ్చినది ఒక స్ట్రాడివారినే. అతి ప్రాచీనమైన ఆ వాద్యాల వెల లక్షల డాలర్లలో ఉన్నదని వేరే చెప్పనక్కరలేదు. కండ్లు మూస్తే మాయమయ్యే నాదభేదానికి కండ్లు తెరచి వెల కడుతున్నారన్నమాట.

మరి మహావాద్యకారుల చేతిలో పాత ఫెండర్‌లు అంత గొప్పగా పలికినవే, దానికేమి చెప్పాలి? ఇద్దరి కథలు చూద్దాం.

డిట్రాయిట్ నగరంలో మోటౌన్ అనే గ్రామఫోను కంపెనీ ఒక చిన్న ఇంటి నేలమాళిగలో 1960లంతటా పాటలు రికార్డు చేసినది. ఆ పాటలలో అనేకం ప్రపంచమంతా మ్రోగినవి. వాటి అడుగున బేస్ వాయించినవాడు జేమ్స్ జేమర్సన్. డబుల్ బేస్‌తో విద్య మొదలుపెట్టి ప్రిసిషన్ బేస్‌కు వచ్చినవాడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఆ వేలికి తోటివారు కొక్కెం అని పేరు పెట్టినారు. ఆయన పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే వాద్యం 1962 నాటిది. కొన్ననాడు అది కొత్తదేనన్న సంగతి నేడు దాని నకళ్లకోసం వెదికేవారు మరచిపోతారు. దాని తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు. మడ్డి పట్టి, జిగి చచ్చిన ఆ తీగల మందమైన నాదమే ఆయనకు కావలసినది. తీగలు దండికి అందనంత ఎత్తున ఉండేవి. ఇతరులు ఒత్తడానికే కష్టపడేవారట. పాతదనపు మహిమగా నేడు మనం వినే నాదంలో సగం ఆయన బద్ధకమని ఎవరైనా అంటే అది పొరపాటు, అది ఎంపిక. అమ్మకానికి పెట్టేనాడు ఏ వర్తకుడైనా మొదట చేసే పని ఆ తీగలు తీసివేసి కొత్తవి వేయడం! జేమర్సన్‌కు పేరు కూడ ఆలస్యంగానే వచ్చినది. మార్విన్ గే పాడిన ఒక ఆల్బమ్ మీద 1971లో గాని ఆయన పేరు అచ్చు కాలేదు. 1983 ఆగస్టులో, 47వ యేట, ఆయన మరణించడానికి కొద్ది రోజుల ముందు ఆ వాద్యాన్ని ఎవరో దొంగిలించినారు. ఇప్పటికీ దొరకలేదు.

రెండవవాడు జాకో పాస్టోరియస్. ప్రిసిషన్ బేస్ పుట్టిన 1951లోనే పుట్టినవాడు. ఫ్లారిడాలో పెరిగినాడు. ఆయన చేతిలోకి 1962 నాటి జాజ్ బేస్ ఒకటి వచ్చినది. ఫెండర్ ఎంతో శ్రమపడి, కచ్చితత్వమని పేరుపెట్టి ఇచ్చిన మెట్లను ఆయన ఊడబెరికినాడు. గంట్లు పూడ్చి, పడవలకు పూసే ఎపాక్సీ జిగురును దండిపైన పొరలు పొరలుగా పూసినాడు. మెట్లు పోయేసరికి స్వరం నుండి స్వరానికి జారే వీలు కలిగినది. గాజు వంటి ఆ పూత మీద తీగ ఆనినప్పుడు స్వరం మనిషి గొంతు వలె పలకరించసాగినది. మన గమకాలు విని పెరిగిన చెవికి ఆ నాదం పరాయిదిగా తోచదు. 1976లో ఆయన తొలి ఆల్బమ్ వచ్చిన తరువాత, బేస్ గిటారు అడుగున కూర్చుండే వాద్యం మాత్రమే కాదని లోకం ఒప్పుకొన్నది.

ఇప్పుడు బేరగాని త్రాసులో ఈ రెండు వాద్యాలను పెట్టి చూడాలి. ప్రముఖుల వస్తువులన్న పేరు తీసివేస్తే వాటికి ఏమి వెల వస్తుంది? పాత వాద్యాల అంగడిలో ఒకే సూత్రం: మొదట ఉన్నది మొదట ఉన్నట్లే ఉండాలి. మరమేకులు, పికప్, లోపలి అతుకులు, ధ్వనిని తగ్గించి పెంచే బిరడలు, చివరకు చిన్న ప్లాస్టిక్ రేకు కూడ ఆనాటివే కావాలి. కొత్తగా రంగు వేయించితే వెల ఇంచుమించు సగానికి పడిపోతుంది. మెట్లు మార్చినా తగ్గుతుంది. ఆ లెక్కన జాకో చేసిన పని ఒక నిక్షేపాన్ని ధ్వంసం చేయడమే. ది హూ బృందంలోని జాన్ ఎంట్విజిల్ 1967లో ఐదు విరిగిన ప్రిసిషన్ బేస్‌ల ముక్కలు ఏరి ఒకటిగా కూర్చి, దానికి ఫ్రాంకెన్‌స్టయిన్ అని పేరు పెట్టి ఏండ్ల తరబడి వాయించినాడు. లియో ఫెండర్ ఆశించిన వాడుక సరిగా ఇదే. విప్పి బిగించుకోవడానికి పుట్టిన వస్తువును, ఎవరూ విప్పి బిగించలేదన్న ఒక్క కారణానికి నేడు పూజిస్తున్నారు. ఎంట్విజిల్ మరణానంతరం 2003లో లండను వేలంలో ఆ అతుకుల వాద్యం అరువదివేల పౌన్లు దాటి అమ్ముడుపోయినది. అక్కడ అంగడి తన సూత్రాన్ని తానే మరచిపోయినది. వాయించినవాని పేరు ముందు మరమేకుల వయస్సు నిలువలేదు.

పాత వాద్యంతో కాపురం చేయడం కూడ చెప్పినంత సుఖం కాదు. దండి వంపును సరిచేయడానికి లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. ఆనాటి ఫెండర్‌లలో దానిని త్రిప్పే మర దండి మొదట, దిమ్మలో దాగి ఉండే చోట పెట్టినారు. ఋతువు మారి దండి వంగినప్పుడల్లా తీగలు వదులుచేసి, మరమేకులు విప్పి, దండి ఊడదీసి, మర కొంచెం త్రిప్పి, తిరిగి బిగించి చూడాలి. చాలకపోతే మళ్లీ మొదటికి. కొత్త వాద్యాలలో చాలవాటికి ఆ మర పైకి కనబడేటట్లు పెట్టి ఈ బాధ తప్పించినారు. ఎంత త్రిప్పినా లొంగనంతగా మెలిబడిన దండులు కూడ ఉంటవి. 1951 నుండి 1957 వరకు వచ్చిన ప్రిసిషన్ బేస్‌కు, తొలినాటి జాజ్ బేస్‌కు ఒంటిచుట్టు పికప్‌లు గనుక దీపాల తీగలనుండి, ట్రాన్స్‌ఫార్మర్ల నుండి గుయ్యిమనే రొదను పట్టి వినిపిస్తవి. రాగితీగ మీది పూత చెడి పికప్ హఠాత్తుగా మూగబోవచ్చును. అది సభలో జరిగితే వాద్యకారుని గతి ఏమి? 1970ల నాటి బరువైన దిమ్మలను మూడు గంటలు భుజాన వ్రేలాడవేసుకొన్నవారికి వైద్యుని ఖర్చు వేరే.

సరిహద్దులు దాటేటప్పుడు మరొక చిక్కు. 1959 నుండి ఫెండర్ దండులపై బ్రెజిల్ దేశపు రోజ్‌వుడ్ పలకలు అతికినారు. 1960ల నడుమనుండి భారతదేశపు రోజ్‌వుడ్, అనగా మన అడవుల జిట్రేగి జాతి కొయ్య వాడుకలోనికి వచ్చినది. కాలిఫోర్నియాలో తయారైన వాద్యం మీద దక్షిణభారతపు అడవి చెక్క ఉండడం మనకు కొంచెం గర్వం కలిగించే సంగతే. అయితే విచ్చలవిడిగా నరికినందువల్ల బ్రెజిల్ రోజ్‌వుడ్ అంతరించే స్థితికి వచ్చినది. 1992 నుండి దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని అత్యంత కఠినంగా కట్టడి చేసినారు. 2017లో తక్కిన రోజ్‌వుడ్ జాతులన్నిటి వ్యాపారానికి కూడ అనుమతిపత్రం కావలసివచ్చినది. వాద్యాలకు 2019 చివర ఆ నిబంధన సడలించినారు గాని బ్రెజిల్ కొయ్యకు సడలింపు లేదు. అందువల్ల 1962 నాటి బేస్‌ను పరదేశంలో అమ్మదలచినవాడు కాగితాల కట్ట వెంటబెట్టుకోక తప్పదు.

ఇక మోసాల సంగతి. వెల పెరిగిన ప్రతి వస్తువుకు దొంగ నకలు వెంటనే పుడుతుంది. దండి మొదట పెన్సిలుతోనో ముద్రతోనో వేసిన తేదీ, లోపలి భాగాల మీది అంకెలు చూచి వయస్సు కడతారు. కాని విడిభాగాల వాద్యం గదా! 1963 నాటి దండి, 1966 నాటి దిమ్మ, నిన్న చుట్టిన పికప్ కలిపి ఒకే తేదీ చెప్పి అమ్మడం చేయి తిరిగినవానికి పెద్ద పని కాదు. ఇది చాలదన్నట్లు కంపెనీలే 1990ల నుండి కొత్త వాద్యానికి కావాలని గీతలు పెట్టి, రంగు గీకి, లోహాన్ని చిలుము పట్టించి, పాతదాని వలె చేసి ఎక్కువ వెలకు అమ్ముతున్నవి. వాయించి వాయించి అరగవలసిన చోటును కర్మాగారంలో కూలివాడు ఉప్పుకాగితంతో అరగదీస్తున్నాడు. తల నెరపించుకొని అనుభవజ్ఞుడననే యువకుని వలె ఉన్నది ఈ వేషం.

అయినప్పటికీ పాత వాద్యాన్ని కోరేవారందరూ అవివేకులు కారు. కెనడా వాద్యకారుడు గెడ్డీ లీ 1972 నాటి జాజ్ బేస్‌ను మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణంలో ఒక తాకట్టు దుకాణంలో సుమారు 200 డాలర్లకు కొన్నాడు. అప్పటికి అది పాతది మాత్రమే; పురావస్తువు కాలేదు. నచ్చినది కొన్నాడు, దశాబ్దాలు వాయించినాడు. అట్టి అవకాశం నేటి విద్యార్థికి లేదు. పాత పనిముట్లు బీద వాద్యకారునికి అందుబాటులో ఉన్నన్నాళ్లు అవి సంగీతాన్ని పుట్టించినవి. పెట్టుబడిదారు వాటిని గాజుబీరువాలో పెట్టి, వెల ఎదుగుతుందని కాచుకొని కూర్చున్ననాటినుండి వాటిలో ఎన్నో మూగబోయినవి. పాత బేస్‌లకు ఉన్న లోపాలన్నిటిలో పెద్దది ఇదే. మెలిబడిన దండికి మందున్నది గాని దీనికి లేదు. నేర్చుకొనే పిల్లవానికి చవకైన కొత్త వాద్యం, మంచి గురువు, రోజూ ఒక గంట సాధన చాలును. ఉన్న డబ్బంతా పెట్టి పాతది కొన్నవాడు దానిని కచేరీకి తీసుకొనిపోవడానికి జంకుతాడు. గీత పడుతుందేమోనని ఒకటే భయం.

పోగొట్టుకొంటామేమోనన్న భయం మాత్రం నిరాధారం కాదు. జాకో వాద్యం ఒకసారి ముక్కలై, అతికించబడి, 1986లో న్యూయార్కులోని వాషింగ్టన్ స్క్వేర్ తోటలో దొంగల పాలైనది. మరుసటి యేడు ఆయన మరణించినాడు. ఇరువదియేండ్ల తరువాత అది ఆ నగరంలోనే ఒక దుకాణంలో బయటపడినది. మెటాలికా బృందపు బేస్ వాద్యకారుడు రాబర్ట్ ట్రుహియో చేసిన ధనసహాయంతో 2010లో జాకో కుటుంబానికి దక్కినది.

ఇంతకంటె విచిత్రమైనది పాల్ మెకార్ట్నీ వాద్యం కథ. 1961లో జర్మనీలోని హాంబర్గు నగరంలో, ఇంకా పేరు రాని బీటిల్స్ బృందం రాత్రుళ్లు వాయించుకొంటున్న రోజులలో, ఆయన హోఫ్నర్ కంపెనీ వారి బేస్ గిటారు ఒకటి సుమారు 30 పౌన్లకు కొన్నాడు. వయొలిన్ ఆకారంలో ఉంటుంది. లోపల బోలు గనుక చాల తేలిక. ఎడమచేతివాటం వానికి రెండు వైపులా ఒకే తీరుగా ఉన్న ఆ ఆకారం అచ్చివచ్చినది. ఫెండర్ కొనే స్తోమత అప్పటికి ఆయనకు లేదు. బీటిల్స్ తొలి రికార్డులలో వినబడేది ఆ చవక వాద్యమే. 1972 అక్టోబరులో లండనులోని నాటింగ్ హిల్ ప్రాంతంలో నిలిపిన వ్యానునుండి అది దొంగిలింపబడినది. 2023లో కొందరు అభిమానులు, పాత్రికేయులు పూనుకొని లోకమంతటికీ విజ్ఞప్తి చేసి వెదకగా, ఇంగ్లండు దక్షిణతీరంలోని హేస్టింగ్స్ పట్టణంలో ఒక ఇంటి అటకమీద దాని ఆచూకీ దొరికినది. 2024 ఫిబ్రవరిలో ఈ సంగతి ప్రకటించినారు.

యాబదియేండ్లు అటకమీద పడి ఉన్న వాద్యానికి మరమ్మతులు కావలసివచ్చినవి. దానిని ఏ ప్రదర్శనశాలకు ఇచ్చినా కండ్లకద్దుకొని తీసుకొనేవారు. మెకార్ట్నీ అట్లు చేయలేదు. బాగుచేయించి, 2024 డిసెంబరు 19న లండనులోని ఓ2 సభామందిరంలో వేలమంది ఎదుట భుజాన తగిలించుకొని, 82 ఏండ్ల వయస్సులో దానిమీద ఒక పాట వాయించినాడు.